617 అంకెల సంఖ్య.. ఇప్పటికీ విడగొట్టలేకపోయారు! ఆన్‌లైన్ తాళాల వెనకున్న లెక్క ఇదే

89ని 97తో గుణిస్తే ఎంత? క్యాలిక్యులేటర్‌లో క్షణం పని.. 8633. అదే 8633 ఇచ్చి, ఏ రెండు సంఖ్యల్ని గుణిస్తే ఇది వస్తుందో చెప్పమంటే? కాసేపు తల గోక్కోవాల్సిందే. గుణించడం తేలిక, విడగొట్టడం కష్టం. ఇంటర్నెట్ భద్రతలో చాలా భాగం ఈ చిన్న తేడా మీదే నిలబడింది.

ఏంటీ సంఖ్య?

పేరు ఆర్‌ఎస్‌ఏ-2048. మొత్తం 617 అంకెలు. 25195908తో మొదలై 7తో ముగుస్తుంది. రెండు ప్రధాన సంఖ్యల్ని గుణించి దీన్ని తయారు చేశారు. ఒక్కోదానిలో 300కు పైగా అంకెలు. ఆ రెండూ ఏవో కనిపెడితే 2 లక్షల డాలర్లు ఇస్తామని ఆర్‌ఎస్‌ఏ ల్యాబొరేటరీస్ ప్రకటించింది. 2007లో పోటీ ముగిసింది. బహుమతి మాత్రం ఎవరికీ దక్కలేదు.

అసలు ట్విస్ట్ ఇక్కడే!

ఇది ప్రధాన సంఖ్య కాదని కంప్యూటర్ ఇట్టే చెప్పేస్తుంది. ఎంత పెద్ద సంఖ్యైనా ప్రధాన సంఖ్యో కాదో కచ్చితంగా తేల్చే వేగవంతమైన పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనుగొన్నారు. కానీ కారణాంకాలు ఉన్నాయని తెలియడం వేరు.. అవేంటో తెలియడం వేరు.

ఎప్పటికీ విడిపోదా?

అలా అనుకోవడానికీ లేదు. 1977లో సవాలుగా ఇచ్చిన 129 అంకెల సంఖ్యను 1994లో దాదాపు 600 మంది వలంటీర్లు ఇంటర్నెట్ ద్వారా కలిసి విడగొట్టారు. 2020లో 250 అంకెల సంఖ్య కూడా లొంగింది. దానికి ఒకే ప్రాసెసర్ కోర్ వాడితే సుమారు 2,700 ఏళ్లు పట్టేంత పని అయింది! అంకెలు పెరిగేకొద్దీ కష్టం విపరీతంగా పెరుగుతుంది.

మనకేంటి సంబంధం?

చాలా వెబ్‌సైట్లు ఇదే సైజు సంఖ్యలను తాళాలుగా వాడుతున్నాయి. శక్తిమంతమైన క్వాంటం కంప్యూటర్ వస్తే ఇలాంటి తాళాలు తెరుచుకుంటాయని పీటర్ షోర్ 1994లోనే గణితంతో చూపించారు. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో కొత్త తరహా తాళాలకు ప్రమాణాలు విడుదల చేసింది.

కాబట్టి ఈ 617 అంకెల సంఖ్య విడిపోయిందన్న వార్త ఎప్పుడైనా వస్తే.. ఒక లెక్క తేలిందని సరిపెట్టుకోలేం. అదే సైజు తాళాలన్నీ మార్చక తప్పని రోజు వచ్చిందని అర్థం.