పగడపు దీవులు



లేపాక్షి, హిందూపురము, పెనుగొండ, ధర్మవరము ప్రాంతములలో పుట్టి పెరిగిన మనకు సముద్రమనిన దూరపు మాట. చెరువు నిండిన యేడు పండుగ, ఎండిన యేడు దిగులు, ఇదియే మనమెరిగిన జలవృత్తాంతము. అయినను సముద్రము మన యిండ్లలో లేకపోలేదు. పుస్తెల ప్రక్కను గ్రుచ్చిన పగడము, దేవుని గూటిలోని శంఖము, ముక్కుపుడకలోని ముత్యము, ఈ మూడును సముద్రములో బ్రతికిన ప్రాణులవలన మనకు వచ్చినవే. వానిలో పగడమును గూర్చి నాలుగు మాటలు తెలిసికొందము.

పగడము రాయియా, చెట్టా, జంతువా యను సందేహము చాలకాలము పండితులకే యుండెను. కొమ్మలు రెమ్మలతో నుండుటచే చెట్టనిరి. గట్టిగా నుండుటచే రాయి యనిరి. 18వ శతాబ్దమున పెయిసొనెల్ అను ఫ్రెంచి వైద్యుడు ఇది జంతువని కనుగొనెను. చిన్న సంచివంటి దేహము, పైన నొక నోరు, నోటిచుట్టు సన్నని వ్రేళ్లు, ఇంతియే దాని యాకారము. ఇట్టివి వేలకొలది యొకచోట చేరి, సముద్రజలములోని సున్నమును గ్రహించి తమ క్రింద గూడు కట్టుకొనును. పాతవి చచ్చినను గూడు నిలుచును. దానిమీద క్రొత్తవి కట్టును.

ఇచ్చట నొక భేదము గుర్తింపవలెను. మనము ధరించు ఎఱ్ఱపగడము దీవులను కట్టు పగడము కాదు. ఎఱ్ఱపగడము ముఖ్యముగా మధ్యధరా సముద్రములో, వెలుతురు తక్కువగా నుండు రాతిచరియలకు అంటుకొని పెరుగును. దాని మందము ఏడాదికి ఒక మిల్లీమీటరైనను పెరుగదు. ఇటలీదేశమున నేపుల్సు చెంతనున్న టోరెడెల్‌గ్రెకో పట్టణము పగడపు పనికి పేరుపొందినది. 16వ శతాబ్దమున విజయనగరమునకు వచ్చు సరకులలో పగడమును గూడ బార్బోసా యను పోర్చుగీసువాడు పేర్కొన్నాడు. పిదప చెన్నపట్టణపు వర్తకులు ఐరోపానుండి పగడములు తెప్పించి, మారుగా గోలకొండ వజ్రములు పంపుచుండిరి. అప్పటి పగడపు వర్తకుల పేర నేటికిని ఆ పట్టణమున నొక వీధి కలదు.

దీవులను కట్టు పగడము వేరు. అది ఉష్ణమండలమున, ఎండ చొచ్చునట్టి తేటనీటిలో పెరుగును. దాని దేహములో కంటికి కానరాని నాచు కాపురముండును. ఆ నాచు ఎండవలన ఆహారము సిద్ధపరచి పగడమునకు పెట్టును; పగడము దానికి చోటిచ్చి కాపాడును. పగడమునకు రంగు చాలవరకు ఆ నాచువలననే కలుగును. ఈ కాపురము చెడినచో రెంటికిని చేటే.

డార్విను అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బీగిలు అను తెరచాపల యోడమీద 1831 మొదలు 1836 వరకు లోకము చుట్టి వచ్చెను. హిందూమహాసముద్రములోని కీలింగు దీవులను 1836లో చూచెను. నడుమ మడుగు, చుట్టును ఉంగరమువలె పగడపు నేల యుండుటకు కారణమేమి? అగ్నిపర్వతపు దీవి మెల్లగా క్రుంగిపోవుచుండగా, దాని యంచున పగడములు పైపైకి కట్టుకొని వచ్చుననియు, తుదకు కొండ మునిగి పగడపు వలయము మాత్రము మిగులుననియు ఆయన 1842లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. 1952లో శాంతమహాసముద్రపు ఎనివెటోకు దీవిలో లోతుగా తొలిచి చూడగా, 1,200 మీటర్లకు మించిన లోతున అగ్నిపర్వతశిల దొరకినది. ఆయన యూహ నిజమైనది. మన లక్షద్వీపములును ఇట్టి వలయదీవులే.

మన తెలుగుతీరమున నిట్టి దీవులేల లేవని మీరడుగవచ్చును. కృష్ణాగోదావరులు ఒండ్రును మంచినీటిని తెచ్చి సముద్రములో పోయుచుండుటచే అచ్చటి నీరు పగడమునకు సరిపడదు. మనకు దగ్గరగా పగడములున్న తావులలో రామేశ్వరపు సముద్రమొకటి. రామేశ్వరయాత్ర చేసిన సోదరీమణులు మనలో పలువురున్నారు. 1914 నాటి పాత పాంబను వంతెనమీదనో, 2025లో తెరచిన క్రొత్త వంతెనమీదనో పోవునపుడు, ఆ నీటిక్రింద నెట్టి లోకమున్నదో తలచినవారు కొందరే.

పాంబనునుండి తూత్తుకుడి వరకు మన్నారు అఖాతమున 21 చిన్నదీవులు తీరము వెంబడి వరుసగా ఏర్పడినవి. వీనిలో రెండు మునిగిపోయినవి. వల్లము అను తెరచాప పడవలమీద అచ్చటి బెస్తలు తరతరములుగా ఈ దీవుల నడుమ సంచరించిరి. గాలి తగ్గి నీరు తేటపడిన దినమున పడవనుండి వంగి చూచినచో అడుగున జింకకొమ్ములవంటివి, మెదడు మడతలవంటివి, బల్లలవలె పరచుకొన్నవి, ఎన్నియో తెరగుల పగడములు కనబడును. చిలుకచేప తన గట్టిముక్కుతో పగడమును గీకి తిని దానిని ఇసుకగా విసర్జించును. విషపు వ్రేళ్లుగల సముద్రపుపూవు నడుమ నొక చిన్నచేప భయములేక కాపురముండును. గడ్డిమేయు కడలియావు ఈ ప్రాంతపు వింతజంతువు. కురుసడి దీవి జీవజాలమును వర్ణించుచు మద్రాసు మ్యూజియమువారు 1927లోనే యొక గ్రంథము వెలువరించిరి.

ఈ సముద్రమునకును మన లేపాక్షికిని పాతబంధుత్వము కలదు. వీరభద్రాలయమును విరూపణ్ణ కట్టించిన కాలమున రాజ్యమేలిన అచ్యుతదేవరాయల సేనలు 1532లో దక్షిణమునకు నడచి తామ్రపర్ణీతీరము చేరినవి. ఆ నది కలియునది ఈ మన్నారు అఖాతములోనే. అచ్చటి ముత్యములు పూర్వమునుండి లోకప్రసిద్ధములు. వంగదేశపు ముత్తైదువులు ధరించు శంఖపుగాజులకు శంఖములు పోవుటయు నిచ్చటినుండియే.

ఇక మనము ముఖ్యముగా తెలిసికొనవలసినది అచ్చటి స్త్రీల సంగతి. రామనాథపురము జిల్లా తీరపు పల్లెలలో పేదస్త్రీలు దీవులకు పోయి, వ్రేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకొని, ఊపిరి బిగబట్టి నీటమునిగి, రాళ్లకంటిన నాచు ఏరుదురు. మనము వంటయింట పాలతో కలిపి గడ్డకట్టించు చైనాగడ్డి ఇట్టి నాచునుండి తీసినదే. 1986లో ప్రభుత్వము ఈ దీవులను సముద్ర జాతీయోద్యానముగా ప్రకటించెను. పగడములను కాపాడుట న్యాయమే; కాని ఏరుకొని బ్రతుకువారి గతియేమి? దీవులకు పోరాదన్నచో పిల్లలకు గంజియెట్లు? ఆ స్త్రీలు వాదులాడుటతో నూరకొనలేదు. తామే కూడబలుకుకొని, నెలకు 12 దినములే పోవుదుమనియు, ఇనుపపనిముట్లతో గీకక చేతులతోనే కోయుదుమనియు కట్టుబాటు చేసికొనిరి. వారి నాయకురాలు, పాంబను దీవిలోని చిన్నపాలెం గ్రామపు స్త్రీ, 2015లో సీకాలజీ బహుమానము పొందినది. అయినను తమ జీవనహక్కు కొరకు వారి పోరాటము తీరలేదు.

పగడములకు వచ్చిన చేటు పలువిధములు. మునుపు సున్నపుబట్టీల కొరకు వానిని బండ్లకొలది త్రవ్విరి. సాగుకై తెచ్చిన విదేశీనాచు కురుసడి పగడములమీద ప్రాకి వానిని క్రమ్మివేసినది. అన్నిటికంటె పెద్దచేటు సముద్రము వేడెక్కుట. నీటివేడి మామూలుకంటె ఒకటి రెండు డిగ్రీలు మించి కొన్ని వారములు నిలిచినచో లోపలి నాచు వెడలిపోవును. పగడము తెల్లబారి, ఆకలిచే చచ్చును. 1998, 2010, 2016 సంవత్సరములలో మన్నారు అఖాతమున నిట్లు జరిగినది. పగడపు దిబ్బ నశించినచో అలల పోటునాపు గోడ కూలును, చేపపిల్లలకు ఊయల పోవును, దీవియే కరగును. తూత్తుకుడి చెంతనున్న వాను దీవి యట్లు కరగుచుండగా 2015 మొదలు దానిముందు కృత్రిమపు దిబ్బలు నిలిపిరి. అచ్చటి పరిశోధకులు పగడపు కొమ్మలను పలకలకు కట్టి నాటుచున్నారు కూడ.

దూరముననున్న మనమేమి చేయగలము? కొంత చేయగలము. దీవులను కట్టు పగడమును సేకరించుట, అమ్ముట 2001 నుండి మనదేశపు చట్టముచే నిషిద్ధము. కావున యాత్రాస్థలములలో తెల్లపగడపు కొమ్మను ఎవరైన చూపినచో కొనకుడు. కొనువారు లేనిదే కోయువారుండరు. వంతెనమీద పోవునపుడు ప్లాస్టిక్ సంచులను నీటిలో పారవేయకుడు. పాత పగడపుపేరు ఇంట నున్నచో క్రొత్తదానికై యాశపడక దానినే కోడలికో కూతురికో భద్రముగా నిండు. ఇచ్చునపుడు, ఇది యొక చిన్నప్రాణి యేండ్ల తరబడి కట్టిన గూడని చెప్పి మరి యిండు. వస్తువు వెనుకనున్న శ్రమ తెలిసినవారు దానిని నిర్లక్ష్యము చేయరు. ఆ శ్రమపడు ప్రాణిని, ఆ నీటిలో మునిగి బ్రతుకు స్త్రీని గూడ మరువరు.