అంకెలు సరైనవే, చార్టే తప్పు: అపోహలు – వాస్తవాలు

ఎక్సెల్‌లో నాలుగు గడులు ఎంచుకుని ఇన్సర్ట్ నొక్కితే క్షణంలో చార్ట్ వచ్చేస్తుంది. చిక్కంతా ఆ సులువులోనే ఉంది. పట్టికలోని అంకెలన్నీ సరిగ్గా ఉన్నా, చార్ట్ రకం తప్పితే చూసేవాళ్లకు చేరేది తప్పుడు సమాచారమే. పట్టికను ఎవరూ తిరగేయరు. గీత ఎటు పోతోందో చూసి నమ్మేస్తారు. అందుకే చార్ట్ ఎంపికను అలంకరణ వ్యవహారంగా తీసిపారేస్తే నేను ఒప్పుకోను.

అపోహ: లైన్ చార్ట్, స్కాటర్ చార్ట్ రెండూ ఒకటే. చుక్కలు కలిపితే లైన్, కలపకపోతే స్కాటర్.

తేడా గీతలో లేదు, కింద ఉన్న ఎక్స్ అక్షంలో ఉంది. స్కాటర్ చార్ట్ ఎక్స్ విలువలను అంకెలుగా చదివి, వాటి మధ్య ఎంత దూరం ఉంటే అంత ఎడం ఇస్తుంది. లైన్ చార్ట్ మామూలుగా వాటిని ఉత్త పేర్లుగా చూసి, సమానమైన ఎడంతో పేర్చేస్తుంది.

మన జనాభా లెక్కలే తీసుకోండి. దేశ జనాభా 1951లో 36.1 కోట్లు, 1991లో 84.6 కోట్లు, 2001లో 102.9 కోట్లు, 2011లో 121.1 కోట్లు. ఈ నాలుగింటినీ లైన్ చార్ట్‌లో పెడితే మొదటి అంగలో గీత 48.5 కోట్లు ఎగబాకుతుంది, తర్వాతి రెండు అంగల్లో 18 కోట్ల చొప్పునే లేస్తుంది. 1991 తర్వాత జనాభా పెరుగుదల ఒక్కసారిగా పడిపోయిందని ఎవరైనా అనుకుంటారు. నిజం అందుకు పూర్తిగా వ్యతిరేకం. మొదటి అంగ 40 ఏళ్లది. పదేళ్లకు లెక్కిస్తే సగటున 12 కోట్లే. తర్వాతి రెండు దశాబ్దాల్లో చేరినవారు అంతకంటే ఎక్కువ. ఇవే అంకెలను స్కాటర్‌లో పెట్టి చూడండి, గీత 1991 తర్వాత మరింత నిటారుగా లేస్తుంది.

గడుల్లో నిజమైన తేదీలుంటే లైన్ చార్ట్ కూడా కాలం ఎడాన్ని పాటిస్తుంది. కానీ 1900కు ముందు తేదీలను ఎక్సెల్ తేదీలుగా గుర్తించదు. 1881 జనాభా లెక్కల నుంచి మొదలుపెట్టాలనుకునేవారికి స్కాటరే దిక్కు. ఇంకో ఇబ్బందీ ఉంది: సంవత్సరాల నిలువు వరసకు శీర్షిక ఉంటే, లైన్ చార్ట్ ఆ సంవత్సరాలనే ఇంకో గీతగా గీసేసి, అసలు అంకెలను అడుగుకు అణిచేస్తుంది. చార్ట్ చొప్పించే ముందు ఆ శీర్షిక గడిని ఖాళీ చేస్తే సరి.

అపోహ: శాతాలు కనిపిస్తే పై (pie) చార్ట్ వేయాలి.

ఆ శాతాలు ఒకే మొత్తంలో భాగాలైతేనే వేయాలి. 2011 లెక్కల ప్రకారం అక్షరాస్యత కేరళలో 94, తమిళనాడులో 80.09, కర్ణాటకలో 75.36, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 67.02 శాతం. వీటిని పై చార్ట్‌లో పెట్టి శాతాల లేబుళ్లు అడిగితే, ఎక్సెల్ నాలుగింటినీ కూడి, కేరళ ముక్క మీద 30 శాతమని వేస్తుంది. ఆ లెక్కల్లో దేశంలోనే అక్షరాస్యతలో ముందున్న రాష్ట్రానికి 30 శాతమా! వీటికి బార్ చార్టే తగినది.

అపోహ: పై చార్ట్ ఎప్పుడూ వాడకూడదు.

ఇది మరీ అతి. 1801లో విలియం ప్లేఫెయిర్ పరిచయం చేసిన ఈ చార్ట్‌ను ఈ మధ్య అందరూ తిడుతున్నారు. కోణాల కంటే పొడవులను మన కన్ను బాగా పోల్చగలదని పరిశోధకులు క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ 1984లో చూపిన మాట నిజమే. అయితే సగం దాటిందా లేదా అన్నది పై చార్ట్ చెప్పినంత తేటగా బార్లు చెప్పవు. 2023 తెలంగాణ ఎన్నికల్లో 119 స్థానాలకు కాంగ్రెస్ 64 గెలిచింది. చక్రంలో సగం గీత దాటిన ఆ ముక్కను చూస్తే మెజారిటీ వచ్చిందని వేరే చెప్పక్కర్లేదు. ముక్కలు నాలుగైదు మించకుండా చూసుకోండి, త్రీడీ జోలికి పోకండి. వాలుగా పడుకోబెట్టిన చక్రంలో ముందున్న ముక్క ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది.

అపోహ: గీతను నునుపుగా వంచితే చదవడం తేలిక.

స్మూత్ లైన్ మీరు కొలవని విలువలను కల్పిస్తుంది. నెలవారీ వర్షపాతం గీత, వాన లేని నెలల దగ్గర సున్నా కిందికి దిగిపోవచ్చు.

అపోహ: అక్షం ఎక్కడ మొదలవ్వాలో ఎక్సెల్‌కే బాగా తెలుసు.

విలువలు దగ్గర దగ్గరగా ఉంటే ఎక్సెల్ తనంతట తానే సున్నాను వదిలేస్తుంది. పైన చెప్పిన తమిళనాడు, కర్ణాటక అంకెలనే రెండు స్తంభాలుగా గీసి, అక్షం 73 దగ్గర మొదలైందనుకోండి. తమిళనాడు స్తంభం కర్ణాటక కంటే మూడింతలు కనిపిస్తుంది. నిజానికి తేడా ఐదు శాతం పాయింట్లు కూడా లేదు. స్తంభంలో కన్ను చదివేది పొడవును కాబట్టి, సున్నా తప్పనిసరి. లైన్ చార్ట్‌కు ఈ నిబంధన లేదు. అక్కడ చూసేది ఎగుడుదిగుళ్లను. జ్వరం చార్ట్‌ను సున్నా డిగ్రీల నుంచి గీస్తే డాక్టరుకు ఏమీ కనిపించదు. స్తంభాలకైతే అక్షం మీద డబుల్ క్లిక్ చేసి, మినిమమ్ దగ్గర 0 అని మీరే టైప్ చేయండి.