షాదీఖానాలో సినిమా వేయొచ్చా? ఫిన్లాండ్ గుడారం నుంచి మన గోదావరి దాకా

సినిమా చూడాలంటే హాలుకే వెళ్లాలా? గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్లను ఈ మాట అడిగితే నవ్వుతారు. వాళ్ల చిన్నప్పుడు సినిమాయే ఊరికి వచ్చేది. కోతలు అయ్యాక ఖాళీ చేలో గుడారం లేచేది. ఒక జనరేటర్, ఒకటే ప్రొజెక్టర్. రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. ముందు ఇసుకలో నేల టికెట్టు, వెనక బెంచీ, ఆ వెనక కుర్చీ. ఆడవాళ్లు ఒక పక్క వేరుగా కూర్చునేవారు. మైకులో ఘంటసాల పాట మొదలైందంటే టికెట్లు ఇస్తున్నారని ఊరందరికీ తెలిసేది.

ఇప్పుడా టూరింగ్ టాకీసులు లేవు. చిన్న ఊళ్లలో చాలా హాళ్లు ఫంక్షన్ హాళ్లుగానో గోడౌన్లుగానో మారాయి. మల్టీప్లెక్స్‌కి ఇంటిల్లిపాదీ వెళ్లాలంటే టికెట్లు, ఆటో, తినుబండారాలు అన్నీ కలిపి ఖర్చు భారీగా ఉంటుంది. మన ఇళ్లలో నానీలు, దాదీలు అసలు గడప దాటరు. పిల్లలేమో తలో మూల తలో ఫోన్ పట్టుకుని, తలో సినిమా చూస్తున్నారు. పక్కన కూర్చున్నవాళ్లు ఏం చూస్తున్నారో కూడా తెలియదు.

గుడారం వాళ్లకీ ఉంది

డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, ఐస్‌లాండ్. ఈ అయిదింటినీ నార్డిక్ దేశాలంటారు. ఫిన్లాండ్ ఉత్తరాన సొదన్‌క్యులా అనే చిన్న ఊరుంది. 1986 నుంచి ఏటా జూన్‌లో అక్కడ 'మిడ్‌నైట్ సన్' చిత్రోత్సవం జరుగుతోంది. అకీ, మికా కౌరిస్‌మాకీ అనే దర్శక సోదరులు మరికొందరితో కలిసి మొదలుపెట్టారు. సినిమాలు వేసేది ఎక్కడనుకున్నారు? ఒక చిన్న హాలు, ఒక స్కూలు, ఒక పెద్ద సర్కస్ గుడారం. జూన్‌లో అక్కడ సూర్యుడు అస్తమించడు. అందుకే రాత్రీ పగలూ ఆటలు నడుస్తూనే ఉంటాయి. తెల్లవారుజామున మూడింటికి సినిమా చూసి బయటికొస్తే ఎండ కనిపిస్తుంది. మనవాళ్లు చీకటి పడ్డాక ఆట వేసేవారు. వాళ్లు చీకటి కోసం గుడారం వేసుకుంటారు.

స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్ ఉత్సవం నార్డిక్ దేశాల్లోకెల్లా పెద్దది. కరోనా కాలంలో, 2021లో వాళ్లు సముద్రం మధ్య ఒక రాతి దీవిలో, లైట్‌హౌస్ దగ్గర ఒకే ఒక్క ప్రేక్షకురాలిని వారం రోజులు ఉంచారు. ఫోన్ లేదు, పుస్తకం లేదు, సినిమాలు మాత్రమే. పన్నెండు వేల మందికి పైగా దరఖాస్తు చేస్తే ఆ అవకాశం ఒక నర్సుకు దక్కింది. నెలల తరబడి కరోనా రోగుల మధ్య గడిపిన మనిషి ఆమె. ఒంటరిగా చూస్తే సినిమా ఎలా ఉంటుందో తెలుసుకోవాలని చేసిన ప్రయోగం అది. మన పిల్లలు ఫోన్‌లో రోజూ చేస్తున్నదీ ఒకరకంగా అదే.

భాష రాకపోయినా చూడొచ్చు

స్వీడిష్ సినిమా మనకెలా అర్థమవుతుంది? మూకీ అయితే ఆ ఇబ్బందే లేదు. 1921లో విక్టర్ షోస్ట్రోమ్ తీసిన 'ది ఫాంటమ్ క్యారేజ్' చూడండి. నోబెల్ సాహిత్య బహుమతి పొందిన తొలి మహిళ సెల్మా లాగర్‌లోఫ్ రాసిన కథ ఇది. తాగుడుకు బానిసై భార్యాపిల్లలను హింసించిన ఒకడు, చావు ముంగిట నిలబడి తన బతుకంతా వెనక్కి చూసుకుంటాడు. నూరేళ్లు దాటినా ఆ ఇంటి కష్టం మన పక్క వీధిదే అనిపిస్తుంది. కాస్త భయపెట్టే సినిమా కాబట్టి చిన్నపిల్లలకు వద్దు.

అదే 1921లో పోతిన శ్రీనివాసరావు బెజవాడలో మారుతి సినిమా హాలు కట్టారు. ఆ రోజుల్లో మన దగ్గర తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు. ఇప్పుడు కూడా తెర మీద పడే అక్షరాలను ఎవరైనా తెలుగులోనో ఉర్దూలోనో గట్టిగా చదివితే చాలు. నానీకీ అర్థమవుతుంది, మనవడికీ అర్థమవుతుంది. రాజమండ్రికి సినిమా కొత్త కాదు. 1936లోనే నిడమర్తి సూరయ్య అక్కడ దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టారు.

చట్టం ఏమంటుంది?

ఇక్కడ జాగ్రత్త కావాలి. షాదీఖానా ఖాళీగా ఉంది కదా అని టికెట్టు పెట్టి సినిమా వేస్తే కుదరదు. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం, బయటి జనానికి చూపే సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. చూపే చోటుకు లైసెన్స్ కూడా ఉండాలి. కాబట్టి అందరినీ పిలిచే ఆలోచన ఉంటే ముందే రెవెన్యూ అధికారులను కలవాలి. ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికే. దాన్ని నలుగురిలో ప్రదర్శనకు వాడకూడదు.

కాపీరైట్ విషయంలో స్కూళ్లకు వెసులుబాటు ఉంది. విద్యార్థులు, టీచర్లు, తల్లిదండ్రులు, ఆ స్కూలుతో సంబంధం ఉన్నవాళ్ల వరకే అయితే, స్కూలు కార్యక్రమంలో భాగంగా సినిమా చూపడానికి 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ వీలిస్తుంది. పైగా మన దేశంలో సినిమా హక్కులు విడుదలైన 60 ఏళ్లకు ముగుస్తాయి. అంటే 1921 నాటి సినిమాకు ఆ చిక్కు లేదు. అయితే దానికి ఈమధ్య కొత్తగా చేర్చిన సంగీతానికి వేరే హక్కులు ఉండొచ్చు. అది చూసుకోవాలి.

అందుకే స్కూలుతో మొదలుపెట్టడం తేలిక. అద్దెకు ఒక ప్రొజెక్టర్, ముడతల్లేని తెల్లటి దుప్పటి, ఒక స్పీకర్ చాలు. పెద్దవాళ్లకు కుర్చీలు, పిల్లలకు చాపలు. సినిమా ముందుగా టీచరో, ఇద్దరు తల్లులో పూర్తిగా చూసి సరే అనాలి. ఇషా అయ్యాక మొదలుపెడితే చీకటికి కొరత ఉండదు. ఆట అయ్యాక పావుగంట చాయ్ తాగుతూ పిల్లలను మాట్లాడనివ్వండి. వాడెందుకు అలా చేశాడు, ఆమె ఎందుకు ఊరుకుంది అని వాళ్లు అడిగే ప్రశ్నలు వినండి. ఫోన్‌లో ఒక్కరే చూసినప్పుడు ఆ ప్రశ్న అడగడానికి పక్కన ఎవరూ ఉండరు.