పిలుపుకు బదులు

మన ఇళ్లలో బొట్టు పెట్టి శుభలేఖ ఇస్తే, వస్తామో లేదో అక్కడే చెప్పేవాళ్లం. ఇప్పుడు పిలుపు వాట్సాప్‌లో వస్తోంది; బొటనవేలు బొమ్మ నొక్కి ఊరుకుంటున్నాం. ఒకసారి పాత విద్యార్థుల కలయికకు మేమూ అంతే చేసి వెళ్లాం. వంటమనిషికి లెక్క తెలియక, చివరి పంక్తి తమ్ముళ్లకు చారన్నమే మిగిలింది.

బొటనవేలు 'చూశాం' అని మాత్రమే చెబుతుంది. వస్తే ఎంతమందిమో, రాలేకపోతే రాలేమనో రెండు రోజుల్లో రాయాలి. 'చూద్దాం' అనేది బదులు కాదు. బస్సు చార్జీ లేకపోతే ఆ కారణం రాయనక్కర్లేదు; 'రాలేము, శుభాకాంక్షలు' చాలు. గ్రూపులో లేని మిత్రునికి ఫోను చేసి చెప్పాలి.

శ్రీవారికి శుభలేఖ పోస్టు చేస్తే తిరుమల తిరుపతి దేవస్థానం తలంబ్రాలు, కుంకుమ పంపుతుంది. కొండ మీది నుంచే బదులు వస్తుంటే, మనం మౌనంగా ఉండొచ్చా మిత్రులారా?