ఋతువాచకములు: తెలుగు, జపాను భాషలు

తెలుగున ఋతువాచకములు రెండు తెగలు. ‘ముట్టు’ అంటును, ‘బహిష్ఠ’ వెలియుండుటను తెలుపును. ‘పుష్పవతి’ పూవును స్ఫురింపజేయును. కామారెడ్డి, ఎల్లారెడ్డి మొదలుగా తెలంగాణమున వినవచ్చు ‘పెద్దమనిషి’ గౌరవమును సూచించును. జపాను భాషయందును ఈ ద్వైధము కలదు: ‘అకఫుజో’ ఎఱ్ఱమైల, ‘హత్సుహన’ తొలిపూవు. తొలిఋతువునకు ఎఱ్ఱని గింజలతో వండిన అన్నము అచటి ఆచారము. నువ్వులు, బెల్లము పెట్టుట ఇచటి ఆచారము.

1961లో జపానున ‘అన్నె’ సంస్థ వాడి పాఱవేయదగు కాగితపు ఋతుపట్టీని విక్రయింప మొదలిడెను. తన దినచర్యలో ఋతువును గూర్చి సంకోచింపక వ్రాసిన అన్నె ఫ్రాంక్ పేరే దానికి పెట్టిరి. అనతికాలమున ‘అన్నె దినము’ ఋతుదినమునకు పర్యాయమయ్యెను. ఇందు మైల లేదు, పూవును లేదు. ఒక బాలిక పేరు మాత్రమే కలదు.

మనకు వచ్చిన ‘ప్యాడు’ వస్తువును చెప్పును గాని స్థితిని చెప్పదు. స్థితికి ‘ముట్టు’ మాటయే మిగిలినచో వెలియు మిగులును. బడిలో బాలికకు తొలుత ఏ మాట నందింపవలెనో బోధకులు విచారింపవలెనని మేము తలంచుచున్నాము.