తాత బొందకు రాయి లేదు, మస్టర్ల పేరు తాతది కాదు

ముత్తాత బొంద చూద్దామని ఓసారి మా నాయినతోని ఊరి బొందల గడ్డకు పోయిన. "గా తుమ్మచెట్టు కాడనే" అన్నడు. ఆడ చెట్టే లేదు. రాయి లేదు, రాసిన బుక్కు అసలే లేదు. తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, మన బొగ్గుబాయి ఇండ్లల్ల శానామందిది గిదే కథ.

ఎందుకిట్లయింది? మనోళ్లు బొంద మీద ఓ రాయి పెట్టొస్తరు, పేరు చెక్కియ్యరు. నాలుగు వానలకు గుర్తు పోతది. కాలబెడితే బూడిద గోదాట్ల కలుస్తది. ఓపెన్‌కాస్టు కింద ఊరు పోయినకాడ బొందల గడ్డ గూడ పోయింది. ఇగ కాయితం సంగతి: జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969ల. వచ్చినంక గూడ, సావును 21 రోజులల్ల రాయించాలని ఎందరికి ఎరుక?

మనకు ఇంకో చిక్కున్నది, మారుపేరు. సింగరేణిల కొందరు వేరేటోళ్ల పేరు మీద బాయిల దిగిన్రు. ఊర్ల ఒక పేరు, మస్టర్ల ఇంకో పేరు. బతికినన్ని రోజులు నడిచింది. కొడుకు డిపెండెంట్ కొలువు అడిగిననాడు తండ్రి పేరు కలువకపాయె. అంటే గిది వంశం ముచ్చట ఒక్కటే కాదు, బువ్వ ముచ్చట.

మరి ఎక్కడ ఎతకాలె? గనుల్ల ఫారం-బి రిజిస్టర్ ఉంటది. అండ్ల కార్మికుని పేరు, తండ్రి పేరు, సొంతూరు రాస్తరు. భూమి ఉన్నోళ్లయితే 1954-55 ఖాస్రా పహాణీ చూడాలె. బడి అడ్మిషన్ రిజిస్టర్ల తండ్రి పేరుంటది. కాయితం ఎక్కని కులాలకు నోటి మాటే రికార్డు: మాదిగలకు డక్కలోళ్లు, కాపులకు పిచ్చకుంట్లోళ్లు వంశం చెప్పుకుంట వచ్చిన్రు.

ఒక్క కాయితం చూసి నమ్మొద్దు. మన దిక్కు తాత పేరు మనుమనికి పెడ్తరు, ఒక్కతీరు పేర్లు మస్తుంటయ్. పేరుతోపాటు తండ్రి పేరు, ఊరు, వయసు కలిస్తెనే మనోడు.

ఇయ్యాల రెండు పనులు చెయ్యిండ్రి. ఇంట్ల ముసలవ్వ ఉంటే పక్కన కూసోని, ఎవల కొడుకు ఎవలు, ఎవలను ఎక్కడ పెట్టిన్రు అని అడిగి ఫోన్ల రికార్డ్ చెయ్యిండ్రి. ఇంట్ల సావైతే దినాల పనుల్ల పడి నమోదు మరువొద్దు. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఆర్డర్ కావాలె, అప్పుడు ఆఫీసుల సుట్టు తిరుగుడే.

అవ్వ పోయినంక అడుగుతె చెప్పెటోళ్లెవలు?