సంకీర్ణ ప్రభుత్వము – దాని బలిమి, బలహీనత

లోకసభలో 543 స్థానములు గలవు. ఏ పక్షమునకును అందు సగమునకు మించిన బలము లేనపుడు పెక్కు పక్షములు కూడి నడపునది సంకీర్ణ ప్రభుత్వము. 1996 నాటి యుదాహరణముతో దీనిని విద్యార్థులకు వివరింపదలచితిమి.

ఆ యెన్నికలలో భారతీయ జనతా పార్టీకి 161, కాంగ్రెసునకు 140 స్థానములు లభించెను. వాజపేయిగారి మంత్రివర్గము 13 దినములలో రాజీనామా చేసెను. అంతట 13 పక్షములు ఐక్య సంఘటనగా నేర్పడెను. కర్ణాటక ముఖ్యమంత్రిగా నుండిన దేవెగౌడగారు జూన్ 1న ప్రధానమంత్రి యైరి. సంఘటనకు కన్వీనరు చంద్రబాబు నాయుడుగారు. తెలుగుదేశము, ద్రావిడ మున్నేట్ర కళగము, అసోం గణ పరిషత్తు, భారత కమ్యూనిస్టు పార్టీ మున్నగునవి ఒకే మంత్రివర్గమున పాల్గొనెను. వేర్వేరు ప్రాంతముల, వేర్వేరు సిద్ధాంతముల వారిని కలిపి యుంచినది అందరును సమ్మతించిన కనీస ఉమ్మడి కార్యక్రమము.

అయితే కాంగ్రెసు మంత్రివర్గమున చేరక, వెలుపలినుండి మాత్రమే మద్దతు నొసగెను. 1997 మార్చిలో దానిని ఉపసంహరించుకొనగా, ఏప్రిల్ 11న ప్రభుత్వము సభా విశ్వాసమును గోల్పోయెను. తరువాత వచ్చిన గుజ్రాల్‌గారి ప్రభుత్వమునకును నవంబరులో అదే గతి పట్టెను.

ఒడంబడిక పలువురిని కలుపగలదు. కాని బాధ్యత వహింపని వారి చేయూతపై నిలిచిన ప్రభుత్వమునకు స్థిరత్వ ముండదని మనము గ్రహింపవలెను.